రన్ ఎనీవే నొక్కమన్నది నేనే

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జీ ముందర పెట్టుకొని కూర్చున్నానో లేదో మామ ఫోన్. "ఒరేయ్, ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు రమ్మీ ఆడు రమ్మీ ఆడు అని ఒకటే పోరు పెడతాంది రా, నేనేం జేసినానో నాకే తెలీడంల్యా, ఒకసారి వచ్చిపో." మా మామ రిటైరైన తెలుగు పండితుడు. ముప్పై ఏండ్ల పైన హైస్కూల్లో ఛందస్సు చెప్పిన మనిషి. ఆయన్ని ల్యాప్‌టాప్ రమ్మీ ఆడమంటాందంటే నాకు ముందు నవ్వొచ్చింది. మా అనంతపురంలో కమలానగర్ నుంచి సాయినగర్ ఎంత దూరం, తినేసి బండి తీసినాను.

పోయి చూస్తే నవ్వు ఆగిపోయింది. బ్రౌజర్ హోమ్ పేజీ మారిపోయింది, కింద కుడి మూల నిమిషానికొక డబ్బా లేస్తాంది, ఎవుడూ పేరు వినని క్లీనర్ ఒకటి, డ్రైవర్ అప్‌డేటర్ ఒకటి వచ్చి కూర్చున్నాయి, అవి "మీ కంప్యూటర్లో 1,400 తప్పులు ఉన్నాయి, బాగు చేయాలంటే డబ్బు కట్టండి" అంటున్నాయి. ఏం వేసినావ్ మామా అంటే, "ఆడాసిటీ ఒక్కటే వేసినా రా, మనవరాలికి పద్యాలు చదివి రికార్డు చేసి పంపుదామని" అన్నాడు. మంచి పనికే వేసినాడు, మంచి సాఫ్ట్‌వేరే అడిగినాడు. 2000 నుంచి ఊరికే ఇస్తున్న సాఫ్ట్‌వేర్ అది, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టింది, గొంతు రికార్డు చేసుకోడానికి దానికి మించి మామూలు మనిషికి ఇంకోటి అక్కర్లేదు.

సరే ఎట్ల వేసినావో మళ్ళీ చేసి చూపించు అన్నాను. సెర్చ్‌లో పేరు కొట్టినాడు, అన్నిటికంటే పైన ప్రకటన రూపంలో వచ్చిన లింకు నొక్కినాడు, ఏదో సైటు, పెద్ద పచ్చ బటన్, డౌన్‌లోడ్. ఫైలు మీద రెండుసార్లు నొక్కితే విండోస్ నీలం తెర వేసి ఇది ఎవరిదో తెలియదు, ఆపేసినాను అని చెప్పింది. ఇక్కడ ఆగాల కదా మామా అన్నాను. ఆయన నా వైపు వింతగా చూసి, లోపలికి పోయి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చినాడు.

అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో నేను చెప్పిన పాఠం. "4. నీలము రంగు తెర వచ్చును. భయపడరాదు. 5. మోర్ ఇన్ఫో అను చోట నొక్కవలెను. 6. రన్ ఎనీవే అను బటను కనబడును. దానిని నొక్కవలెను." కింద తేదీ కూడా వేసినాడు, రెండేండ్ల కింద. "నువ్వు చెప్పినట్లే చేసినా కదరా" అన్నాడు. నిజమే, ఒక్క అడుగు కూడా తప్పలేదు.

ఆ "భయపడరాదు" మాట ఆ రోజంతా నా చెవుల్లో తిరిగింది. అందుకే ఇది రాస్తున్నా. నేను చెప్పదల్చుకున్నది ఒకటే. ఇండ్లల్లో, ఆఫీసుల్లో కంప్యూటర్ వైద్యులుగా తిరిగే నాలాంటోళ్ళం ఇన్నేండ్లూ జనానికి ఇన్‌స్టాల్ చేయడం నేర్పలేదు, నొక్కడం నేర్పినాం. ఫైలు యాడి నుంచి తెచ్చుకోవాలనేది అసలు పని, మిగతాదంతా తతంగం. మేం తతంగం బాగా నేర్పి, అసలు పనికి "గూగుల్‌లో కొట్టు మామా వస్తాది" అని వదిలేసినాం.

నెక్స్ట్ నెక్స్ట్ ఫినిష్

రెండేండ్ల కింద ఆ నీలం తెర పాఠం ఎందుకు చెప్పాల్సొచ్చిందంటే, మామకి తెలుగు టైపింగ్ టూల్ ఒకటి వేసిచ్చినా. ఎవరో ఒక్క మనిషి తన తీరిక టైములో రాసి ఊరికే ఇచ్చిన టూల్, నేను చాలా ఏండ్లు వాడినది, దాంట్లో ఏ దొంగతనమూ లేదు. కానీ దానికి డిజిటల్ సంతకం, అంటే ఇది ఫలానా వాళ్ళదే అని చెప్పే ముద్ర, లేదు, అందుకని విండోస్ ప్రతిసారీ బెదిరిస్తాది. నేనేమో అది నమ్మదగ్గదని నాకు తెలుసు కాబట్టి నొక్కేయమన్నా. ఆ "నాకు తెలుసు కాబట్టి" అనే ముక్క మాత్రం నోట్‌బుక్‌లోకి ఎక్కలేదు. ఎక్కింది నొక్కుళ్ళు మాత్రమే.

ఇది మామ ఒక్కడి కథ కాదు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో కంప్యూటర్ నేర్చుకున్నోళ్ళందరికీ ఇన్‌స్టాల్ అంటే నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ, నెక్స్ట్, ఫినిష్. నేను నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో అయితే సారు దాన్ని రాగం తీసి చెప్పేవాడు. మధ్యలో ఒక టిక్ పెట్టిన డబ్బా ఉంటాది, ఈ టూల్‌బార్ కూడా వేయనా అని, అది ఎవరూ చదవరు, అందుకే కదా ఆ కాలంలో ఏ నెట్ సెంటర్‌కి పోయినా బ్రౌజర్ పైన సగం తెర టూల్‌బార్లే ఉండేది. ఇంకో వేదవాక్కు, "సీ డ్రైవ్‌లో వేయొద్దు, డీలో వెయ్యి, ఫార్మాట్ కొట్టినా ఉంటాది." ఫోల్డర్ ఉంటాది నిజమే, కానీ విండోస్ తన లెక్కలు రాసుకునే రిజిస్ట్రీలో ఉన్నదంతా సీతో పాటే పోయినాక ఆ ఫోల్డర్ ఉండి ఏం లాభం, చాలా సాఫ్ట్‌వేర్లు తెరుచుకోనే తెరుచుకోవు. అయినా నేను కూడా కనీసం ఐదేండ్లు ఈ మాట పదిమందికి చెప్పినా.

మామ ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఇంకో సంగతి బయటపడింది. ఆ తెలుగు టూల్ సెటప్ ఫైలు అందులో ఏడు ఉన్నాయి, పేరు చివర బ్రాకెట్లో ఒకటి, రెండు, మూడు అట్ల. ఏంటికి మామా ఇన్ని అంటే, తెలుగు టైపు చేయాల్సొచ్చినప్పుడల్లా ఆయన సెటప్ నొక్కుతున్నాడు! సెటప్పే సాఫ్ట్‌వేర్ అనుకున్నాడు. నెక్స్ట్ నెక్స్ట్ అని పోతే చివర్లో అది తెరుచుకుంటాది కదా, ఆయన దృష్టిలో అదే తెరిచే పద్ధతి, తలుపుకి ఐదు గొళ్ళాలు ఉన్నట్లు. ఫైలు కనపడకపోతే మళ్ళీ డౌన్‌లోడ్. ఇందులో ఆయన తెలివితక్కువతనం ఏమీ లేదు, పెండ్లి భోజనం వండే గిన్నె వేరు వడ్డించే గిన్నె వేరు అని మనం చెప్పకపోతే అవతలోళ్ళకి ఎట్ల తెలుస్తాది.

వదిన మ్యాకూ, మా ల్యాబ్ ఉబుంటూ

ఆ వారం బెంగళూరు నుంచి మామ కూతురు, అంటే నాకు వదిన, వచ్చి ఉండింది. "అందుకే మ్యాక్ కొనుక్కో నాయనా అంటే వినవు, దాంట్లో ఈ ఇన్‌స్టాల్ గోలే ఉండదు, లాగి పడేస్తే అయిపోతాది" అని మొదలుపెట్టింది. ఆమె చెప్పేది సగం నిజం. మ్యాక్‌లో సాఫ్ట్‌వేర్ డీఎంజీ అనే పొట్లంలో వస్తాది, ఆ ఫైలు తెరిస్తే ఒక కిటికీ వస్తాది, ఎడమ పక్క యాప్ బొమ్మ, కుడి పక్క అప్లికేషన్స్ ఫోల్డర్, మధ్యలో బాణం గుర్తు. బొమ్మని లాగి ఫోల్డర్‌లో వేస్తే పని అయిపోయినట్లే. దీనికంటే సుళువుగా ఎవరూ చెప్పలేరు.

మరి వదినా, నీ డెస్క్‌టాప్ మీద ఈ తెల్ల డిస్కు బొమ్మ ఏంది అన్నాను. వీడియో కాన్ఫరెన్స్ యాప్ ఒకటి, నాలుగు నెలల నుంచి ఆమె దాన్ని డీఎంజీ లోపల్నుంచే నడుపుతోంది, లాగనే లేదు. మ్యాక్ రీస్టార్ట్ అయినప్పుడల్లా తెర కింద యాప్ బొమ్మలుండే డాక్‌లో ప్రశ్నార్థకం గుర్తు వస్తాది, మళ్ళీ డౌన్‌లోడ్స్‌లోకి పోయి డీఎంజీ తెరుస్తాది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదేండ్ల సర్వీసు! మామ ఆ మాట విని అంత బాధలోనూ నవ్వినాడు, "నేను ఏడు గిన్నెలు, నువ్వు ఒక్క గిన్నె, అంతే తేడా" అని.

భద్రత సంగతికొస్తే యాపిల్ వాళ్ళు విండోస్ కంటే గట్టిగా బిగించినారు. 2012లో గేట్‌కీపర్ అని, తెలియని యాప్‌ని ఆపే కాపలా తెచ్చినారు, 2019లో క్యాటలీనా అనే మ్యాక్ వెర్షన్ వచ్చినాక నోటరైజేషన్, అంటే యాప్ రాసినోడు ముందుగా యాపిల్ కాడికి పంపి ముద్ర వేయించుకోవాల. అది లేకపోతే కంట్రోల్ నొక్కి పట్టుకొని ఓపెన్ అంటే తెరుచుకునే అడ్డదారి ఒకటి ఉండేది, 2024లో సెకోయా వెర్షన్‌తో అది కూడా మూసేసినారు, ఇప్పుడు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి పోయి ఓపెన్ ఎనీవే నొక్కాల. ఒక్కోసారి అయితే "ఈ యాప్ పాడైపోయింది, చెత్తబుట్టలో వేయండి" అంటాది, ఫైలు నిక్షేపంగా ఉన్నా సరే. ఇది నాకు నచ్చదు. తెలియని మనిషి ఇంటికొస్తే తెలియదు అని చెప్పు, కుష్టురోగి అని చెప్పొద్దు.

ఇంక నా ఇల్లు. అంటే నేను పనిచేసే కాలేజీ ల్యాబ్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్టు ఆగిపోయింది, మా పాత సిస్టమ్స్ 11కి ఎక్కవు, అందుకని ముప్పై మెషిన్లకి విండోస్ బదులు ఉబుంటూ అనే లైనక్స్ ఎక్కించినాం. అక్కడ ఆడాసిటీ కావాలంటే టెర్మినల్ తెరిచి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆడాసిటీ అని ఒక్క లైను. సెర్చ్ లేదు, ప్రకటన లేదు, పచ్చ బటన్ లేదు. ఉబుంటూ వాళ్ళే పెట్టుకున్న గోడౌన్ నుంచి, వాళ్ళ సంతకం సరిచూసుకొని తెస్తాది. నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు, ఫైలు యాడ్నుంచి అనే ప్రశ్నే ఇక్కడ వాడేవాడి నెత్తిన పడదు.

కానీ నిజం చెప్పాల కదా. మొదటి రోజే ఒక పిల్లోడు చెయ్యెత్తినాడు, "సార్, కీబోర్డు పనిచేయడంల్యా." సుడో అని కొట్టినాక అడిగే పాస్‌వర్డ్ కొడితే తెరమీద చుక్క కూడా పడలేదు, వాడు కీబోర్డు చచ్చిపోయిందనుకొని వైరు పీకి మళ్ళీ పెట్టినాడు. రెండోది, గోడౌన్‌లో ఉండేది పాత వెర్షన్. కొత్తది కావాలంటే యాప్‌ఇమేజ్ అని, యాప్ అంతా ఒక్క ఫైలుగా వచ్చేది తెచ్చుకోవాల, దాని మీద రెండుసార్లు నొక్కితే ఉలకదు పలకదు, ప్రాపర్టీస్‌లో పోయి దీన్ని నడపొచ్చు అని టిక్ పెట్టాల, అప్పటికీ తెరుచుకోదు, ఎందుకంటే ఉబుంటూ 22.04 నుంచి దానికి కావాల్సిన ఫ్యూజ్ లైబ్రరీ ముందుగా ఉండదు. లేదంటే ఫ్లాట్‌ప్యాక్ అని ఇంకో పద్ధతి, చిన్న యాప్ అడిగితే అది నడవడానికి రన్‌టైమ్ అని వెనక వందల ఎంబీలు దిగుతాయి, రోజుకి ఒకటిన్నర జీబీ ఫోన్ డేటాతో నడిచే ఇంట్లో అది చిన్న విషయం కాదు. నాలుగో దారి స్నాప్, దాని సంగతి మళ్ళీ ఇంకో పోస్టు. లైనక్స్ వాళ్ళు నాలుగు దారులు వేసి ఏది రాజబాటో చెప్పకుండా పోయినారు అనేది నా పాత కోపం.

డబ్బు కట్టినోడే మంచోడా

ఆ చెత్తంతా పోవాలని ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొడుతూ ఈ సంతకాల సంగతంతా మామకి చెప్పుకొచ్చినా. విండోస్‌లో ఎస్ ఆర్ నో అని అడిగే డబ్బా వస్తాది చూడు, దాని పైన పట్టీ నీలంగా ఉండి పబ్లిషర్ పేరు ఉంటే సంతకం ఉన్నట్లు, పసుపు రంగు ఉండి అన్‌నోన్ అని ఉంటే లేనట్లు. మామ మధ్యలో ఆపినాడు. "ఉండు ఉండు. ఇందాక నీలం తెర వస్తే ఆగాల అంటివి, ఇప్పుడు నీలం పట్టీ వస్తే మంచిది అంటున్నావు. నీలం మంచిదా చెడ్డదా, తేల్చి చెప్పు." నా దగ్గర జవాబు లేదు. రెండూ ఒకే కంపెనీ వేసిన రంగులే, తెర వేసేది స్మార్ట్‌స్క్రీన్, పట్టీ వేసేది యూజర్ అకౌంట్ కంట్రోల్, ఈ పేర్లు ఆయనకి ఏంటికి.

తర్వాత అడిగినాడు, ఆ సంతకం ఎట్ల వస్తాది అని. యాపిల్‌కి అయితే ఏడాదికి 99 డాలర్లు కట్టాల. విండోస్‌కి సర్టిఫికెట్ అమ్మే కంపెనీలు ఉంటాయి, ఏడాదికింత అని కట్టాల, 2023 జూన్ నుంచి ఆ తాళంచెవి యూఎస్‌బీ టోకెన్ లాంటి హార్డ్‌వేర్‌లోనే ఉండాలని రూలు కూడా వచ్చింది. "అంటే డబ్బు కట్టినోడు మంచోడు, ఊరికే ఇచ్చినోడు దొంగా?" అన్నాడు మామ.

ఈ ప్రశ్న నన్ను బాగా కుదిపింది. అంత వరకే కాదు, స్మార్ట్‌స్క్రీన్ ఎంతమంది ఈ ఫైలు దించుకున్నారు అనే పేరుప్రతిష్ఠల లెక్క కూడా చూస్తాది. కోటి మంది వాడే ఇంగ్లీషు సాఫ్ట్‌వేర్‌కి ఆ పేరు దానంతటదే వస్తాది. మూడొందల మంది తెలుగు పండితులు వాడే టైపింగ్ టూల్‌కి యాడి నుంచి వస్తాది? చిన్న భాషల కోసం ఒంటరిగా పనిచేసేవాడు ఎప్పుడూ అనుమానితుడే. నేను "భయపడరాదు" అని నేర్పింది ఆ మనిషిని కాపాడడానికే ఒక రకంగా.

మన జిల్లా వాళ్ళకి ఇది తెలియని సంగతి కాదు, శెనక్కాయ విత్తనాల కాడ రోజూ చూసేదే. సర్టిఫైడ్ విత్తనం మూటకి నీలం ట్యాగు, ఫౌండేషన్‌కి తెల్ల ట్యాగు, బ్రీడర్ విత్తనానికి పసుపు. ట్యాగు ఉంటే ఎవరు పండించినారు, ఎవరు పరీక్షించినారు అనేదానికి ఒక ఆచూకీ ఉంటాది, తేడా వస్తే పట్టుకోడానికి ఒక కొస దొరుకుతాది. కానీ మా నాయన ఎన్నో ఏండ్లు పక్క చేనాయన దాచిన కదిరి-6 కాయలే వేసినాడు, దానికి ట్యాగూ లేదు రశీదూ లేదు, బంగారంలా పండింది, ఎందుకంటే ఆ చేను ఆయన కండ్లముందరే పెరిగింది. సంతకం అనేది కూడా ఇంతే, ఇది ఎవరిది అని చెప్తాది, లోపల ఏముందో చెప్పదు. 2017లో కంప్యూటర్ శుభ్రం చేసే సీక్లీనర్ 5.33 వెర్షన్ అసలు కంపెనీ సైటు నుంచే, అసలు సంతకంతోనే వచ్చింది, లోపల దొంగ కోడ్ ఉండింది, 20 లక్షలకు పైగా మెషిన్లలోకి పోయింది. 2016 మార్చిలో మ్యాక్ మీద ట్రాన్స్‌మిషన్ అనే యాప్‌లో రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగేది, దూర్చినారు, దానికీ యాపిల్ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండింది, తర్వాత రద్దు చేసినారు.

అసలు నా వాదనకే దెబ్బ కొట్టే ఉదాహరణ ఇంకోటి ఉంది. 2016 ఆగస్టులో ఇదే ఆడాసిటీ వాళ్ళు తమ ఫైళ్ళు పెట్టుకున్న ఫాస్‌హబ్ సైటుని ఎవరో హ్యాక్ చేసి సెటప్ మార్చేసినారు. సరైన చోటికే పోయి దించుకున్నోళ్ళకి కూడా కంప్యూటర్ బూట్ కాకుండా పోయింది. అంతకు ఆరు నెలల ముందే లైనక్స్ మింట్ అనే ఇంకో లైనక్స్ సైటు హ్యాకయి ఒక రోజు దొంగ ఐఎస్ఓ, అంటే దాన్ని ఎక్కించుకునే ఫైలు, పెట్టినారు. గోడౌన్ పద్ధతి గొప్పది అంటినే, 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో దొంగ తలుపు బయటపడింది, డెబియన్ అనే లైనక్స్ పరీక్ష వెర్షన్ దాకా వచ్చేసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్‌కి లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేందబ్బా అని అనుమానం వచ్చి తవ్వినాడు కాబట్టి ఆగింది, లేకుంటే ఉబుంటూ పెట్టుకొని గుండెమీద చెయ్యేసుకొని నిద్రపోయే నాలాంటోళ్ళ గతి ఏమయ్యేదో.

మరి ఇన్ని ఉన్నాక యాడి నుంచి తెచ్చుకుంటే ఏముంది అంటారా. నేను అట్ల అనుకోను. పైన చెప్పినవి పెద్ద దోపిడీలు, పేపర్లకెక్కినవి. పదిహేనేండ్లుగా బంధువులవీ తెలిసినోళ్ళవీ బాగు చేస్తున్నా, నా చేతికొచ్చిన ఒక్క మెషిన్ కూడా అట్లాంటిదానితో పాడైంది కాదు. అన్నీ ఈ మూడు రకాలే: సెర్చ్‌లో పైన ఉన్న ప్రకటన నొక్కినారు, డబ్బు కట్టకుండా వాడుకుందామని క్రాక్ అని ఏదో తెచ్చుకున్నారు, లేదంటే వాట్సాప్‌లో ఎవరో పంపినారు. ఇప్పుడు ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని ఫోన్‌లో యాప్ వేసే ఏపీకే ఫైళ్ళు పంపి అకౌంట్లు ఖాళీ చేస్తున్నారే, అక్కడ కూడా ఫోన్ ఆపుతాది, తెలియని చోటి నుంచి వచ్చింది అని చెప్తాది, మనోళ్ళు దాన్ని దాటేసి పోతారు. దాటడం వాళ్ళకి ఎవరు నేర్పినారు? కంప్యూటర్ మీద మేమే కదా.

వదిన అనేది, ఇవన్నీ ఏంటికి, బ్రౌజర్‌లోనే అన్నీ వస్తాయి, రికార్డింగ్ కూడా, ఇన్‌స్టాల్ అనే మాటే తీసేయండి అని. మెయిల్‌కి, లెటర్లు రాసుకోడానికి సరే, ఒప్పుకుంటా. కానీ నెట్ పోతే మామ పద్యం సగంలో ఆగాల, ఆ సైటోడు రేపు మూసేస్తే రికార్డింగులు యాడ వెతుక్కోవాల. ఆయన మెషిన్‌లో ఆయన దగ్గరే ఉండే సాఫ్ట్‌వేర్ అంటే నాకు ఇంకా గౌరవమే. విండోస్‌లో కూడా 2021 నుంచి వింగెట్ అని ఉంది, ఉబుంటూలో మాదిరి ఒక్క లైను కొడితే సెర్చ్ గొడవ లేకుండా తెస్తాది. మామకి ఆడాసిటీ ఆ దారిలోనే వేసినా. నల్ల తెర చూసి "ఇదేం క్షుద్ర పూజ రా" అన్నాడు గానీ ఒక నిమిషంలో అయిపోయింది.

పోయే ముందు నోట్‌బుక్‌లో నాలుగు, ఐదు, ఆరు నంబర్లు కొట్టేసి కొత్తగా రాయించినా. "నీలము రంగు తెర వచ్చినచో ఆగవలెను. అల్లునికి ఫోను చేయవలెను." చక్కగా రాసుకొని కింద గీత కూడా గీసినాడు.

మొన్న మళ్ళీ ఫోన్. ఫార్మాట్‌లో తెలుగు టైపింగ్ టూల్ పోయింది కదా, దాన్ని నేను పెన్‌డ్రైవ్‌లో ఇచ్చొచ్చినా. అది నొక్కితే నీలం తెర వచ్చిందంట, ఆగి ఫోన్ చేసినాడు. "అది మనదే మామా, ఏం కాదు, మోర్ ఇన్ఫో నొక్కి..." అని సగంలో నాకే మాట ఆగిపోయింది. అవతల్నుంచి ఆయన, "రాసుకున్నదాంట్లో అట్ల లేదే" అన్నాడు.

ఇప్పుడు విండోస్‌లో దానంతటదే ఉండే తెలుగు ఫోనెటిక్ కీబోర్డుతో ఒక్కో అక్షరం వెతుక్కుంటా కొడుతున్నాడు. ఆ టూల్ సెటప్ డెస్క్‌టాప్ మీద అట్లనే ఉంది, తీసేయలేదు, నొక్కలేదు.